మన ఊళ్లలో వడ్రంగం చదువు – నాడు, నేడు



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యవర్గం వారు కోరినప్పుడు రాజుల గురించో, కోటల గురించో రాయవచ్చుననుకున్నాను. కానీ మన పెనుగొలనులో గాని, గంపలగూడెం, తిరువూరు చుట్టుపక్కల ఏ ఊళ్లో గాని వీధికొక కొత్త ఇల్లు లేస్తున్నది. స్లాబు కింద వరుసగా నిలిపిన కర్రలు, వాటిపై పరచిన చెక్కలు, ఆ చెక్కల మీద నిలబడి మేకులు కొడుతున్న ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు. ఈ పని వీళ్లకు ఎవరు నేర్పారు? ఎన్నాళ్లు నేర్పారు? చేతికి, కాలికి దెబ్బ తగలకుండా పని చేయడం అందులో ఎవరైనా చెప్పారా? ఈ ప్రశ్నలకు జవాబు వెదుకుతూ వెనక్కు పోతే, అదే ఒక నూరేళ్ల చరిత్ర అయింది. మనలో చాలామంది ఉద్యోగ విరమణ సొమ్ముతో ఇల్లు కట్టుకున్నవారే, లేదా పిల్లలు కట్టుకుంటుంటే దగ్గరుండి చూసుకుంటున్నవారే. కాబట్టి ఈ చరిత్ర మనకు సంబంధించినదే.

మేర గింజల కాలం

మన ఉమ్మడి కృష్ణా జిల్లా మెట్ట గ్రామాలలో సేద్యం నాగలి మీద, ఎడ్లబండి మీద నడిచినంత కాలం వడ్రంగి లేని ఊరు అరుదు. కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి మొదలైన వారివలె వడ్రంగి కూడా ఊరి ఆయగాడు. నాగలి, కాడి, గుంటక, గొర్రు చేసిపెట్టడం, బండి చక్రం బాగుచేయడం ఏడాది పొడవునా అతని బాధ్యత. అందుకు బదులుగా రైతులు కళ్లం దగ్గర మేర గింజలు కొలిచేవారు. ఇంటి పనికి మాత్రం వేరే మాట ఉండేది. ద్వారబంధం నిలబెట్టిన రోజున వడ్రంగికి కొత్త బట్టలు పెట్టి, తాంబూలం ఇచ్చి గౌరవించడం ఆచారం. ఇది నేటికీ కొన్ని ఇళ్లలో సాగుతున్నది.

ఇల్లు కట్టే పనిని మన పూర్వులు ఎంత పద్ధతిగా చూశారో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. మయమతం అనే వాస్తు గ్రంథం నిర్మాణం చేసేవారిని నలుగురిగా చెప్పింది. మొత్తం పని ఎరిగి నడిపించేవాడు స్థపతి. దారం పట్టి కొలతలు చూసేవాడు సూత్రగ్రాహి. కొలత ప్రకారం చెక్కేవాడు తక్షకుడు. చెక్కినవాటిని కూర్చి నిలబెట్టేవాడు వర్ధకి. మన వడ్రంగి అనే మాటకు ఈ వర్ధకి అనే మాటతో చుట్టరికం ఉన్నదంటారు. ఇందులో గమనించవలసింది క్రమం. ముందు కొలత, తరువాత కోత, ఆ తరువాత కూర్పు. నేటికీ వడ్రంగం నేర్చుకునేవాడికి మొదటి పాఠం ఇదే.

ఆ రోజుల్లో పాఠశాల అంటే ఇంటి ముందర చెట్టు నీడే. కొడుకు తండ్రి దగ్గర, మేనల్లుడు మేనమామ దగ్గర నేర్చుకునేవాడు. మొదట పిల్లవాడి చేతికి పదునున్న పనిముట్టు ఇచ్చేవారు కాదు. చెక్క రెండో కొస పట్టుకోవాలి, పొట్టు ఎత్తాలి, అడిగిన పనిముట్టు అందించాలి. ఉలిని ఎలా అందించాలంటే పిడి అవతలివాడి వైపు ఉండాలి. ఆ తరువాత సానరాయి మీద పదును పెట్టడం. ఆ పైన రంపం, చిత్రిక, చివరకు ఉలి, బాడిస. రంపం ఎదుట వేలు పెడితే ఒక మొట్టికాయ పడేది. ఉలి ముందర ఎడమ చెయ్యి ఉంచితే రెండోది పడేది. జాగ్రత్త అనే మాటకు విడిగా పాఠం లేదు. పని నేర్పడంలోనే అది కలిసి ఉండేది.

అలాగని ఆ కాలాన్ని బంగారు కాలం అనడం సరికాదు. చెక్కను కాలివేళ్లతో అదిమిపట్టి బాడిసతో చెక్కే పద్ధతిలో వేళ్లు తెగడం ఉండేది. దెబ్బ తగిలితే పసుపు అద్ది గుడ్డ చుట్టడమే వైద్యం. ధనుర్వాతం వస్తే ప్రాణం మీదికి వచ్చేది. అన్నిటికన్న పెద్ద లోపం వేరే ఉంది. ఆ చెట్టు నీడ పాఠశాలలో ప్రవేశం పుట్టుకతోనే నిర్ణయమయ్యేది. ఆ కులంలో పుట్టినవాడికి వేరే దారి లేదు, పుట్టనివాడికి ఆ దారి లేదు. ఆడపిల్లకు ఎటూ లేదు. గురువు ఉన్నాడు గాని, తలుపు మూసి ఉంది.

పెంకుటింటి వడ్రంగి

పూరిళ్లు పోయి పెంకుటిళ్లు రావడంతో వడ్రంగి పని మరింత నాజూకైంది. మనం బంగాళా పెంకు అని పిలుచుకునేది నిజానికి మంగళూరు పెంకు. జర్మన్ మిషనరీ జార్జ్ ప్లెబ్స్ట్ బాసెల్ మిషన్ తరఫున 1865లో మంగళూరులో ఆ పెంకుల ఫ్యాక్టరీ నెలకొల్పాడు. క్రమంగా అదే రకం పెంకు దక్షిణాది అంతటా వ్యాపించింది. నాటు పెంకుకు వంకర వాసం ఉన్నా సర్దుకునేది. బంగాళా పెంకు అలా కాదు. ఒక పెంకు గాడిలో మరొకటి కూర్చోవాలి కనుక పట్టెల మధ్య ఎడం అంతటా ఒకేలా ఉండాలి. అంగుళంలో నాలుగో వంతు తేడా వచ్చినా వాన నీళ్లు ఇంట్లోకి వస్తాయి. కొలబద్ద, మూలమట్టం, తూకం గుండు సరిగ్గా వాడడం ఇక తప్పనిసరి అయింది.

ఆ ఇళ్లలో ఒక సుగుణం ఉంది. వడ్రంగి ఎత్తిన దూలం, వేసిన వాసం అక్కడే ఉండిపోయేవి. ఇంటివారికి అవి రోజూ కనబడేవి. వడ్రంగి కూడా అదే ఊరివాడు. తాను ఎత్తిన దూలం కిందనే పండుగ నాడు అతను భోజనానికి కూర్చునేవాడు. పని సరిగా లేకపోతే ఊరంతా తెలిసిపోయేది. పనితనానికి, భద్రతకు ఇంతకు మించిన పూచీ మరొకటి లేదు. ఈ మాట గుర్తుంచుకోమని కోరుతున్నాను. తరువాత వచ్చిన స్లాబు పనిలో పోయింది ఇదే.

బడిలోకి వచ్చిన బాడిస

కుల వృత్తిగా ఉన్న పనిని అందరి చదువుగా మార్చవచ్చునని ప్రపంచంలో ముందుగా చట్టంలో రాసుకున్న దేశాలలో ఫిన్లాండ్ ఒకటి. ఊనో సిగ్నేయస్ అనే విద్యావేత్త కృషితో 1866లో అక్కడి గ్రామ పాఠశాలల్లో మగపిల్లలకు చేతిపనిని తప్పనిసరి పాఠ్యాంశం చేశారు. పక్కనున్న స్వీడన్‌లో ఒట్టో సాలమన్ 1870లలో చేతిపని నేర్పే ఉపాధ్యాయులకు శిక్షణ పాఠశాల పెట్టాడు. వారి ఉద్దేశం పిల్లలందరినీ వడ్రంగులను చేయడం కాదు. కన్ను, చెయ్యి, బుద్ధి కలిసి పనిచేయడం నేర్పడం.

మన దేశంలో ఆ ఆలోచన 1937లో వచ్చింది. ఆ ఏడు అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన విద్యా సదస్సు జరిగింది. డాక్టర్ జాకీర్ హుస్సేన్ కమిటీ ప్రణాళిక తయారు చేసింది. అదే బేసిక్ విద్య, నయీ తాలీం. నూలు వడకడం, నేత, వ్యవసాయం, వడ్రంగం వంటి ఏదో ఒక పని కేంద్రంగా చదువు సాగాలన్నది అందులోని సూత్రం. మన ఉపాధ్యాయ మిత్రుల్లో పెద్దవారికి బేసిక్ ట్రైనింగ్ అనే మాట గుర్తుండే ఉంటుంది. ఆచరణలో మాత్రం తకిలీ, రాట్నం నిలిచినంతగా వడ్రంగం నిలవలేదు. కారణం ఊహించవచ్చు. తకిలీ చౌక. వడ్రంగానికి బల్లలు కావాలి, పనిముట్లు కావాలి, కలప కావాలి, పని తెలిసిన మాస్టారు కావాలి.

1953లో మరో ప్రయత్నం జరిగి బెడిసికొట్టింది. అప్పటికి మనం ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాము. ముఖ్యమంత్రి రాజాజీ ఆ జూన్‌లో గ్రామాల ప్రాథమిక పాఠశాలలకు కొత్త పద్ధతి తెచ్చారు. పిల్లలు రోజూ మూడు గంటలు బడిలో చదవాలి, మిగిలిన పూట తండ్రి చేసే పని నేర్చుకోవాలి. వడ్రంగి కొడుకు వడ్రంగమే నేర్వాలా అని పెద్ద ఎత్తున వ్యతిరేకత వచ్చింది. దీనికి కులవృత్తి చదువు అని పేరు పడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి మనం వేరుపడ్డాము. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయిన తరువాత మద్రాసులో ఆ పథకాన్ని రద్దు చేశారు. రద్దు కావడం న్యాయమే. చేతిపని నేర్పాలన్న మంచి మాటకు కులాన్ని ముడివేయడం వలన చేతిపని అంటేనే చదువుకు శత్రువు అనే అభిప్రాయం జనంలో పడిపోయింది. ఆ మచ్చ చాలాకాలం పోలేదు. 1964–66 కొఠారీ కమిషన్ పని అనుభవం అని, 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ సమాజోపయోగ ఉత్పాదక కృషి అని మళ్లీ మళ్లీ చెప్పినా, పరీక్షలో మార్కులు లేని పీరియడ్‌గా అది ఒక మూలకు చేరింది.

కులంతో పనిలేకుండా నిజంగా తలుపు తెరిచింది ఐటీఐలు. భారత ప్రభుత్వం 1950లో వృత్తి పనివారల శిక్షణ పథకం మొదలుపెట్టింది. 1956లో వాటి నిర్వహణ రాష్ట్రాలకు అప్పగించారు. అదే ఏడు జాతీయ వృత్తి శిక్షణ మండలి ఏర్పడింది. 1961లో అప్రెంటిస్‌షిప్ చట్టం వచ్చింది. కార్పెంటర్ ట్రేడు ఏడాది చదువు. ఎనిమిదో తరగతి పాసైనవారు చేరవచ్చు. అక్కడ పాఠాల వరుస చూస్తే మన చెట్టు నీడ పాఠశాలే గుర్తుకు వస్తుంది. మొదట భద్రత, పనిముట్ల సంరక్షణ. తరువాత కొలిచి గీయడం, కోయడం, చిత్రిక పట్టడం, ఉలితో తొలవడం, అతుకులు. మర పనిముట్లు చివర. గురువు ఉన్నాడు, తలుపు కూడా తెరిచి ఉంది. అయితే ఏడాది పాటు కూలి మానుకుని చదవగలిగిన కుర్రవాళ్లే అందులో చేరగలిగారు. చేరినవారు కూడా రైల్వేలు, ఫ్యాక్టరీలు, వర్క్‌షాపుల వైపు చూశారు. ఊళ్లో ఇళ్లు కట్టే పనికి వారిలో వచ్చినవారు తక్కువ.

సిమెంటు పర్మిట్ల రోజులు

ఇక మనందరికీ తెలిసిన కథలోకి వస్తాను. సిమెంటు కంట్రోలు ఉన్న రోజుల్లో పది బస్తాలు కావాలన్నా అర్జీ పెట్టి పర్మిట్ తెచ్చుకోవాలి. గుమాస్తాగా నేను ఆ అర్జీలు కట్టలు కట్టలుగా చూశాను. కూతురి పెళ్లికి ముందు ఒక గది వేసుకుందామని, ఉన్న గోడకు గిలాబా చేయించుకుందామని జనం తిరిగేవారు. 1982లో కేంద్ర ప్రభుత్వం కంట్రోలు కొంత సడలించింది. 1989 మార్చిలో పూర్తిగా ఎత్తివేసింది. దానితో పల్లెటూళ్లలో కూడా పెంకుటిల్లు విప్పి స్లాబు వేసుకోవడం మొదలైంది. అదే కాలంలో ట్రాక్టర్లు పెరిగి నాగళ్లు, కొయ్య చక్రాల బండ్లు మూలపడ్డాయి. మేర గింజలు ఆగిపోయాయి. ఊరి వడ్రంగికి అటు పొలం పని పోయింది, ఇటు కప్పు పని పోయింది. తలుపులు, కిటికీలు మిగిలాయి. కొంతకాలానికి వాటి స్థానంలో కూడా ఇనుము, ప్లాస్టిక్ వచ్చాయి.

స్లాబుతో పాటు కొత్త వడ్రంగం ఒకటి పుట్టింది. అదే సెంట్రింగ్ పని. తడి కాంక్రీటు తన కాళ్ల మీద తాను నిలబడేదాకా దానిని మోసే కొయ్య పందిరి ఇది. బరువు లెక్క వేసుకుంటే దీని సంగతి అర్థమవుతుంది. ఒక ఘనపు మీటరు కాంక్రీటు, లోపలి ఇనుముతో కలిపి, సుమారు 2,500 కిలోలు. అయిదు అంగుళాల మందం స్లాబు ప్రతి చదరపు మీటరుకు మూడు వందల కిలోల పైన తూగుతుంది. ఒక మోస్తరు గది, అంటే పన్నెండు అడుగులకు పన్నెండు అడుగులు, నాలుగు టన్నులకు పైగా. దాని మీద మనుషులు, ఇనుము, పోసేటప్పటి అదురు అదనం. ఇదంతా ఆగేది సర్వి కర్రల మీద, ఆ కర్రల కింద పెట్టిన ఇటుక ముక్కల మీద.

ఇంత బరువు మోసే పని అయినా దీనికి వడ్రంగం అనే గౌరవం దక్కలేదు. కారణం, ఇది మిగిలే పని కాదు. రెండు మూడు వారాలలో విప్పేస్తారు. గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలు స్లాబును చూస్తారు గాని, దానిని మోసిన పందిరిని ఎవరూ చూడరు. పందిరి వేసినవాడు ఏ ఊరివాడో కూడా ఇంటివారికి తెలియదు. మేస్త్రీ పిలిస్తే వస్తాడు, మర్నాడు మరో ఊళ్లో ఉంటాడు. ఈ పనిలో ఏ కులంవాడైనా చేరవచ్చు, చదువు అడగరు, వచ్చిన రోజునుంచే కూలి. తలుపు బార్లా తెరిచి ఉంది. ఈసారి గురువు లేడు.

నా సర్వీసులో చూసిన ఒక అర్జీ చెబుతాను. ఊరి పేరు, మనుషుల పేర్లు అనవసరం. సెంట్రింగ్ కుంగి దెబ్బ తిని మంచాన పడిన ఒక కుర్రవాడి తల్లి సహాయం కోరుతూ పెట్టినది. యజమాని ఎవరు అన్నచోట ఖాళీ. ఇల్లుగలాయన పని మేస్త్రీకి గుత్తకు ఇచ్చానన్నాడు. మేస్త్రీ ఆ కుర్రవాడు ఆ పూటకే వచ్చాడన్నాడు. మస్టరు లేదు, కాగితం లేదు. ఆ ఖాళీ గడి దగ్గరే ఫైలు ఆగిపోయింది.

చట్టం ఎంతవరకు వచ్చింది

పనిలో దెబ్బతిన్నవారికి నష్టపరిహారం ఇవ్వాలన్న చట్టం మన దేశంలో 1923 నుంచే ఉంది. భవన నిర్మాణ కార్మికులకు ప్రత్యేక చట్టం 1996లో వచ్చింది. కేంద్ర నిబంధనలు 1998లో వచ్చాయి. పరంజాలు, నిచ్చెనలు, సెంట్రింగ్, రంపపు మరలకు కాపు, ఎత్తున పని వంటివన్నీ వాటిలో ఉన్నాయి. మన రాష్ట్రంలో కార్మికుల సంక్షేమ మండలి 2007లో ఏర్పడింది. నిర్మాణ వ్యయంపై ఒక శాతం సెస్సు వసూలు చేసి దానితో పథకాలు నడపడం దాని పద్ధతి. 1998లోనే హైదరాబాదులో జాతీయ నిర్మాణ అకాడమీ, మనం న్యాక్ అని పిలిచేది, ఏర్పడింది. తాపీ పని, ఇనుప కడ్డీల పని, ప్లంబింగ్ వంటివాటితో పాటు సెంట్రింగ్ వడ్రంగానికి కూడా స్వల్పకాల శిక్షణ ఇవ్వడం అది చేసిన మంచి పని.

అయితే 1996 చట్టంలో ఒక సంగతి మన పెన్షనర్లు తెలుసుకోవాలి. పదిమంది, అంతకు మించి పనివారు ఉన్నచోటనే అది వర్తించేది. సొంత నివాసం కోసం కట్టుకునే ఇల్లు 10 లక్షల రూపాయల లోపుదైతే దాని పరిధిలోకే వచ్చేది కాదు. ఆ చట్టం స్థానంలో పార్లమెంటు 2020లో ఆమోదించిన కొత్త లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చాయి. వాటిలో సొంత ఇంటి పరిమితి 50 లక్షలు. అంటే మన పెనుగొలను వంటి ఊళ్లో కట్టే ఇళ్లలో అధిక భాగం ఆ నిబంధనలకు బయటనే ఉంటాయి. అక్కడ తనిఖీకి వచ్చే అధికారి లేడు. చూడవలసినవాడు ఇంటి యజమానే. అంటే మనమే.

2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. వాటిలో వడ్రంగం, తాపీ పని ఉన్నాయి. అయిదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, రోజుకు 500 రూపాయల భృతి, 15,000 రూపాయల విలువ గల పనిముట్లకు ఓచరు అందులోని సౌకర్యాలు. కూలి మానుకుని నేర్చుకోలేడు అన్న పాత ఇబ్బందికి భృతి అనేది కొంత సమాధానం. వారం రోజులలో పనివాడు తయారు కాడు. కానీ మొదటి పాఠాలకు వారం చాలు. ఆ మొదటి పాఠాలే ప్రాణం కాపాడేవి.

మొదటి పాఠాలు

ఈ పాఠాలేవో ఒకచోట రాసి ఉంచితే మన పిల్లలకు, మన ఇంట పని చేసేవారికి ఉపయోగపడతాయని కింద పొందుపరుస్తున్నాను.

మొదటిది పదును. మొద్దు ఉలి కంటె పదునైన ఉలి క్షేమం. మొద్దుబారినదానిని బలంగా నొక్కవలసి వస్తుంది, జారినప్పుడు ఆ బలమంతా చేతి మీద పడుతుంది. ఉలి పట్టినప్పుడు రెండు చేతులూ పదునుకు వెనుకే ఉండాలి. చెక్కను కాలితో గాని, ఒడిలో గాని పట్టుకోరాదు. బల్లకు బిగించాలి.

రెండోది మేకులు. విప్పిన సెంట్రింగ్ చెక్కలకు మేకులు పైకి నిక్కి ఉంటాయి. చెప్పులు లేని కాళ్లకు అవే గుచ్చుకుంటాయి. విప్పిన వెంటనే మేకులు పీకడమో, వంచి కొట్టడమో చేసిన తరువాతనే చెక్కను పక్కన పెట్టాలి. కాళ్లకు దళసరి అడుగున్న బూట్లు ఉండాలి. తుప్పు మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం టీకా సంగతి డాక్టరును అడగడం మరువరాదు.

మూడోది మర రంపం. గుండ్రటి రంపానికి పైన ఉండే కాపును పని అడ్డమని తీసివేస్తున్నారు. రాళ్లు కోయడానికి ఉద్దేశించిన చిన్న కట్టరుకు పళ్ల బిళ్ల బిగించి చెక్క కోస్తున్నారు. ఇది చాలా ప్రమాదం. కలపలో ముడి తగలగానే మర వెనక్కు ఎగిరి తొడ మీదికో, మెడ మీదికో వస్తుంది. లుంగీ, మెడలో తువ్వాలు, చేతికి వదులు తొడుగు మర దగ్గర పనికిరావు. బిళ్ల మార్చేటప్పుడు ప్లగ్గు పీకాలి. తడి స్లాబు మీద అతుకుల వైరు లాగరాదు. కరెంటు లీకైతే తనంతట తాను ఆపే బ్రేకరు ఇప్పుడు బజారులో దొరుకుతున్నది, తప్పక పెట్టించాలి.

నాలుగోది ధూళి. అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కలప ధూళిని మనుషులకు కాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. ముక్కు లోపలి భాగాలకు దానివలన ముప్పు. కళ్లకు అద్దాలు, ముక్కుకు మంచి మాస్కు, గాలి ఆడే చోటు. ఇవి ఖర్చు లెక్కలోకి వచ్చేవి కావు.

అయిదోది నిచ్చెన. నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున మొదలు గోడకు ఎడంగా ఉండాలి. పైకొస దిగే చోటుకంటె మూడడుగులకు పైగా మిగలాలి. కట్టివేయాలి. చేతిలో బరువుతో ఎక్కరాదు, తాడుతో పైకి లాగాలి.

ఆరోది కర్రలు. వంకర కర్ర, పగిలిన కర్ర, పురుగు తిన్న కర్ర స్లాబు కింద పనికిరావు. రెండు పొట్టి కర్రలను అడ్డదిడ్డంగా మేకులతో అతికి పొడవు చేయరాదు. ప్రతి కర్ర తూకం గుండుకు నిలువుగా ఉండాలి. కర్ర కింద మెత్తటి మట్టి ఉంటే వెడల్పు పలక వేయాలి. కొత్తగా పూడ్చిన మట్టి వానకు కుంగుతుంది. కర్రలను ఒకదానికొకటి అడ్డంగా, ఏటవాలుగా బద్దెలతో కట్టాలి. నిలువు కర్ర ఎంత బలమైనదైనా, అడ్డకట్టు లేకపోతే మొత్తం పందిరి ఒకవైపు ఒరిగిపోతుంది.

ఏడోది ఓపిక. ఎప్పుడు విప్పాలన్నది మేస్త్రీ తొందరను బట్టి, అద్దె చెక్కల లెక్కను బట్టి తేల్చేది కాదు. భారత ప్రమాణాల సంస్థ ఐఎస్ 456 (2000) ప్రకారం, మామూలు పోర్ట్‌లాండ్ సిమెంటుతో, తగినంత తడిపిన స్లాబుకు 4.5 మీటర్లు, అంటే సుమారు 15 అడుగుల లోపు దూరమైతే కింది కర్రలు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. దూలాలకు 6 మీటర్ల లోపు 14 రోజులు, ఆపైన 21 రోజులు. బూడిద కలిపిన పీపీసీ సిమెంటు మొదట్లో నిదానంగా బలం పుంజుకుంటుంది. చలికాలంలో మరీ నిదానం. కనుక ఇంజనీరును అడిగి మరికొన్ని రోజులు ఆగడం మంచిది.

ఈ ఏడింటిలో ఒక్కటి కూడా పెద్ద చదువు అవసరమైనది కాదు. మేనమామ మేనల్లుడికి చెప్పినట్టు, పని దగ్గర నిలబడి, చూపించి చెప్పేవాడు ఉంటే చాలు.

మనం చేయగలిగినది

పెన్షనర్లుగా మనం చేయగలిగినవి మూడున్నాయి. ఇల్లు కట్టించేటప్పుడు సెంట్రింగ్ పనికి మేస్త్రీతో బేరం ఆడే ముందు, ఆ పనిలో పది రూపాయలు తగ్గిస్తే ఎక్కడ తగ్గుతుందో ఆలోచించాలి. మొదట తగ్గేవి కర్రలు, ఆ పైన రోజులు. పనివారి పేర్లు, ఊళ్లు ఒక నోటు పుస్తకంలో రాసి రోజూ హాజరు వేయాలి. ఆయుష్షంతా రిజిస్టర్లు రాసినవాళ్లం, మనకిది కష్టం కాదు. రేపు ఏదైనా జరిగితే ఆ పుస్తకమే పనివాడి కుటుంబానికి ఆధారం. అర్హత ఉన్నవారికి సంక్షేమ మండలిలో పేరు నమోదు చేయించడానికి దరఖాస్తు నింపిపెట్టడం రెండవది. దరఖాస్తు నింపడంలో మనల్ని మించినవారు ఎవరున్నారు?

మూడవది మన ఇంట్లోనే ఉంది. మనవడు, మనవరాలు ఇద్దరిలో ఎవరైనా చెక్క ముక్క, సుత్తి పట్టుకుంటే, చదువు పాడవుతుందని లాక్కోకండి. 1953 నాటి చేదు జ్ఞాపకంతో చేతిపనిని తక్కువ చేయనవసరం లేదు. కులం ముడి విప్పేసిన తరువాత చేతిపని అందరి సొత్తు. కొలిచి గీయడం, గీత మీద కోయడం, పదును దగ్గర చేతిని ఎక్కడ ఉంచాలో తెలియడం ప్రతి పిల్లకూ పిల్లవాడికీ రావలసిన విద్యలు. రేపు వారు ఇంజనీరు అయితే, పందిరి మీద నిలబడినవాడి పని ఎంతటిదో తెలిసి సంతకం పెడతారు. ఇల్లుగలవారైతే, తెలిసి పని చేయిస్తారు. ఆ కుర్రవాళ్లలో ఒకరైతే, సాయంత్రం క్షేమంగా ఇంటికి చేరతారు.

గురువూ ఉండి, తలుపూ తెరిచి ఉండే రోజు మన ప్రాంతంలో పూర్తిగా రావలసే ఉంది. రిటైరైన వడ్రంగం మాస్టర్లు, ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్లు, వర్క్ ఇన్‌స్పెక్టర్లు మన సంఘాలలోనే ఉన్నారు. వారిలో ఒకరిద్దరు నెలకొక ఆదివారం ఒక పూట కేటాయించి, మన చుట్టుపక్కల సెంట్రింగ్ కుర్రవాళ్లకు ఈ మొదటి పాఠాలు చెప్పగలిగితే, కావలసిన చోటు, కుర్చీలు, కాఫీ సంఘం చూసుకోగలదని నా నమ్మకం. సభ్యులు వచ్చే సమావేశంలో ఈ విషయం చర్చించవలసిందిగా సవినయంగా మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాను.